బంక అంటని చెయ్యి

"కళ్ళు! నా కళ్ళు! నీళ్ళు పొయ్యండే, ఎవరైనా నీళ్ళు పొయ్యండి!"

గోడక్క మోకాళ్ళ మీద కూలబడి రెండు అరచేతులతో ముఖం కప్పుకుంది. అంతదాకా చెవులు చిల్లులు పడేలా అరుస్తున్న హాలు ఒక్కసారిగా నోరు మూసుకుంది.

ఖండం మొత్తానికీ జరుగుతున్న మహిళల హ్యాండ్‌బాల్ పోటీల్లో సెమీఫైనల్ అది. మొదటి సగంలో ఇరవై ఆరో నిమిషం. ఏడు మీటర్ల నుంచి వచ్చిన పెనాల్టీని జట్టు మొదటి గోల్‌కీపరు గోడక్క అప్పుడే కాలు బారజాపి ఆపింది. ఆపి, వెనక్కి తిరిగి, గోలు వల కొసకు వేలాడుతున్న తెల్ల టవలు లాగి ముఖం తుడుచుకుంది. అంతే.

టీం డాక్టరమ్మ సీసాలకు సీసాలు గుమ్మరిస్తూనే ఆమెను బయటికి నడిపించుకుపోయింది. కోచ్ బెంచీ వైపు తిరిగాడు.

"స్టెప్నీ! గుడ్లప్పగించి చూస్తావేంటి? దిగు!"

స్టెప్నీ అంటే రెండో గోల్‌కీపరు. ఆ పేరు పెట్టింది గోడక్కే. "బండికి స్టెప్నీ ఉండి తీరాలి. దాన్ని వాడే రోజు మాత్రం రాకూడదు" అని నాలుగేళ్ళ కిందట నవ్వుతూ అంది. పేరు అతుక్కుపోయింది. ఈ నాలుగేళ్ళలో స్టెప్నీ బెంచీ మీంచి లేచి ఆడింది పట్టుమని పది మ్యాచ్‌లు. ఈ పోటీల్లో అయితే ఇదే మొదటిసారి.

గోలు ముందుకు పరుగెత్తుతుంటే ఆమె చూపంతా నేల మీద పడి ఉన్న టవలు మీదే ఉంది. ఆట మొదలయ్యే ముందు దాన్ని తడిపింది తనే. తెచ్చి వలకి తగిలించింది కూడా తనే.

పోటీల అబ్జర్వర్ మేడం, నల్లకోటు వేసుకున్న పొడుగాటావిడ, పెన్ను కొసతో టవలు పైకెత్తి ప్లాస్టిక్ సంచిలో వేసుకుంది. వెళ్తూ వెళ్తూ స్టెప్నీ ముఖంలోకి ఒక్క చూపు చూసింది.

మిగిలిన నాలుగు నిమిషాలు నాలుగు యుగాల్లా గడిచాయి. వచ్చే ప్రతి బంతీ తన కళ్ళకే గురిపెట్టినట్టు అనిపించింది. రెండు గోల్స్ వదిలేసింది. ఒకటి ఆపింది, అది కూడా బంతే వచ్చి చేతుల్లో పడింది గనక. అవతలి గోలు దగ్గర కెప్టెన్ గాల్లోకి లేచి విసరబోతే బంతి వేళ్ళలోంచి సబ్బుబిళ్ళలా జారిపోయింది. ఆ సగంలో అది నాలుగోసారి.

"ఏంటి కెప్టెన్, ఇవాళ చేతికి నూనె రాసుకొచ్చావా?" అని అరిచింది పక్కనే ఉన్న పిట్ట. సన్నగా, చురుగ్గా కోర్టు అంచున వింగులో ఆడే పిల్ల అది. దాని నోటికి తాళం లేదు.

కెప్టెన్ నవ్వలేదు.

హారన్ మోగింది. పదమూడు, పదమూడు. పదిహేను నిమిషాల విరామం.

* * *

డ్రెస్సింగ్ రూం తలుపు లోపలినుంచి గడియ పెట్టింది అబ్జర్వర్ మేడం. మసాజ్ బల్ల మీద టవలు పరిచింది. ఆ గదిలో కూర్చోవడానికి చోటున్నా ఎవరూ కూర్చోలేదు.

"మీకందరికీ ఒకటి చూపిస్తాను" అందామె తాపీగా. "కీపరు తుడుచుకున్న చోట తప్ప ఈ టవలు మీద ఒక్క బంక మరక లేదు."

ఎవరికీ ఇంకో ముక్క చెప్పనక్కర్లేకపోయింది. హ్యాండ్‌బాల్ ఆడేవాళ్ళ బతుకంతా బంకతోనే. బంతి ఒక్క చేత్తో పట్టు చిక్కాలంటే వేళ్ళకి చెట్టు జిగురుతో చేసిన బంక పట్టించాలి. వార్మప్‌లో ఒకసారి పూసుకున్నారంటే ఇక వాళ్ళు తలుపు ముట్టుకుంటే తలుపుకి అచ్చు, సీసా ముట్టుకుంటే సీసాకి అచ్చు. బంక పూసుకోనిది గోల్‌కీపర్లే. అందుకే గోడక్క టవలు జోలికి ఆడేవాళ్ళెవరూ పోకూడదని జట్టులో కట్టడి. దాన్ని తడిపి తెచ్చే పని స్టెప్నీది.

గోడక్కకి ఇంకో పట్టింపు కూడా ఉంది. పెనాల్టీ ఆపితేనే ఆ టవలు ముట్టుకుంటుంది. అంతదాకా చెమట కళ్ళలోకి కారినా చొక్కా చేతులతోనే తుడుచుకుంటుంది. ఈ సంగతి జట్టంతటికీ తెలుసు.

"వార్మప్ అయ్యాక మీరంతా ఎక్కడున్నారు?" అని అడిగింది మేడం.

కోచ్ గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడే. అందరం గుండ్రంగా నిలబడి ఆట గురించి మాట్లాడుకున్నాం. కెప్టెన్ ఒక్కతే మధ్యలో వాష్‌రూంకి వెళ్ళొచ్చి టాస్‌కి పోయింది. స్టెప్నీ టవలు తడిపి వాష్‌రూంలో తగిలించి వచ్చి మాతో నిలబడింది. మళ్ళీ తనే తీసుకుని కోర్టులోకి నడిచింది."

"అంటే టవలు దగ్గరికి పోగలిగింది ఇద్దరే. కెప్టెన్, ఈ అమ్మాయి. కెప్టెన్ ముట్టుకుంటే బంక అచ్చు పడాలి. పడలేదు." మేడం స్టెప్నీ వైపు తిరిగింది. "మొదటి కీపరు పడిపోతే లాభం ఎవరికి?"

"నాలుగేళ్ళు బెంచీకి కాపలా కాసింది కదా, ఓపిక చచ్చుంటుంది" అని గొణిగింది పిట్ట.

"నోర్ముయ్యవే!" అని ఎవరో కసిరారు. కానీ ఆ కసురులో బలం లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశారు. స్టెప్నీ చుట్టూ గచ్చు ఖాళీ అయింది.

"నేను కాదు మేడం. గోడక్క నాకు... అమ్మతోడు, నేను కాదు."

"బయట పోలీసులున్నారు. రెండో సగం హారన్ మోగేలోపు నిజం చెబితే నీకే మంచిది. చెప్పకపోతే నువ్వు కోర్టులోకి కాదు, వాళ్ళ బండిలోకి వెళ్తావు."

తలుపు దబదబా మోగింది. పిట్ట గడియ తియ్యగానే డాక్టరమ్మ లోపలికి దూసుకొచ్చింది. మోచేతుల దాకా తడిసిపోయి ఉంది. చేతిలో ఫోను.

"కళ్ళాసుపత్రి పెద్ద డాక్టరు లైన్లో ఉన్నాడు. నీళ్ళు పోస్తూనే ఉన్నాం, సరిపోవట్లేదు. అదేం మందో తెలియాలంటాడు. నొప్పులకు కొట్టే స్ప్రేనా, యాసిడా, ఇంకేదన్నానా? తెలిస్తే దానికి తగ్గ విరుగుడు. తెలియక చేతికొచ్చింది వేస్తే ఉన్న చూపు కూడా పోతుంది. ఎడమ కన్ను ఇప్పటికే తెల్లబడుతోంది. చేసింది ఎవరో నాకక్కర్లేదు, పోసింది ఏంటో చెప్పండి. మీకు దణ్ణం పెడతాను!"

డాక్టరమ్మ వచ్చినంత వేగంగానూ వెళ్ళిపోయింది.

స్టెప్నీకి ముచ్చెమటలు పోశాయి. కుడి చెయ్యి నుదుటి దాకా తీసుకెళ్ళి చటుక్కున ఆపేసింది. బొటనవేలు, చూపుడువేలు మండుతున్నాయి. ఇందాకటినుంచీ మండుతూనే ఉన్నాయి, భయంలో పట్టించుకోలేదు.

అరచెయ్యి తిప్పి చూసుకుంది. బంతిని ఆపుతూ ఉంటే బంతికున్న బంక కీపరు చేతికీ అంటుతుంది. మూడు వేళ్ళూ, అరచెయ్యీ నల్లగా జిడ్డోడుతున్నాయి. ఆ రెండు వేళ్ళు మాత్రం కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఎర్రగా, నున్నగా, చర్మం ముడతలు పడి.

టవలు కొస పట్టుకుని తెచ్చింది ఆ రెండు వేళ్ళతోనే.

చప్పున పిడికిలి బిగించింది. అప్పుడు గుర్తొచ్చింది హాలు తుడిచే పెద్దావిడ. పోటీలు మొదలైన రోజు వాష్‌రూం మూల నీలం డబ్బా పెడుతూ అన్న మాటలు. "అమ్మాయిలూ, దీని జోలికి రాకండి. మీరు నేలకి పూసి పోయే బంకంతా దీంతోనే ఊడదీస్తా. బకెట్టు నీళ్ళకి ఒక్క మూత. చిక్కగా తగిలిందా, తోలు లేచిపోద్ది. ఇంకోటి, ఇది తగిలిన చోట రోజంతా మళ్ళీ బంక అంటదు!"

హాలంతా ఆ మందు వాసనే. అందుకే టవలు మీద అదే వాసన వస్తున్నా ఎవరి ముక్కూ పసిగట్టలేదు.

నీలం డబ్బా. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కానీ చెబితే వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే, నీకెలా తెలుసు? అప్పుడు ఈ పిడికిలి విప్పాలి. విప్పితే దొంగ సొమ్ముతో దొరికినట్టే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

"మేడం" అంది కెప్టెన్. "రెండు నిమిషాలు నాకివ్వండి. నేను మాట్లాడతాను దాంతో. అది మా ఇంటి పిల్ల."

నిజమే. కెప్టెన్ అంటే స్టెప్నీకి వదిన. సొంత అన్న భార్య. పెళ్ళయి అత్తారింటికి వచ్చిన ఏడాదే, మూల కూర్చుని గోళ్ళు కొరుక్కునే ఆడపడుచుని చెయ్యి పట్టుకుని మైదానానికి తీసుకెళ్ళిన మనిషి. మొదటి బూట్లు కొనిచ్చిందీ ఆమే.

మేడం గడియారం చూసుకుంది. "రెండే."

* * *

వదిన వాష్‌రూం తలుపు దగ్గరగా వేసి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో మాటలు మునిగిపోయాయి.

"ఏం ఆడపడుచుగారూ, అలా వణికిపోతున్నారు?" అని బుగ్గ తట్టింది. ఇంట్లో ఏడిపించేటప్పుడు అలాగే 'గారూ' అంటుంది. "భయపడకు. నేనున్నాగా."

"వదినా, నేను కాదు. నీకైనా నమ్మకముందా?"

"నా నమ్మకంతో పనేముంది? ఆవిడ నిన్ను వదలదు. కాబట్టి నే చెప్పేది విను. పొరపాటున జరిగిందను. కంగారులో ఏదో ఒలికింది, చూసుకోలేదను. పొరపాటుకి ఎవరూ ఉరి తీయరు. మహా అయితే రెండేళ్ళు ఆడనివ్వరు. నీకింకా ఇరవై రెండే. కోచ్‌తో నేను మాట్లాడతా, మీ అన్నతో నేను మాట్లాడతా."

మాట్లాడుతూనే నడుముకి కట్టుకున్న బంక డబ్బాలోకి వేళ్ళు ముంచింది. రెండో సగానికి తయారవడం. పదిహేనేళ్ళ అలవాటు, చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది.

స్టెప్నీ ఆ చేతినే చూస్తోంది.

వదిన వేళ్ళు రుద్దింది. బంక పట్టలేదు. ఉండలు ఉండలుగా చుట్టుకుని నేల మీదకి రాలింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ రాలింది. అరచెయ్యంతా ఎర్రగా, నున్నగా, ముడతలు పడి ఉంది.

నాలుగుసార్లు జారిన బంతి.

బంక చేత్తో టవలు ముట్టుకుంటే అచ్చు పడుతుంది. అందుకని ముందు చెయ్యి కడుక్కుంది. ఆ తొందరలో చేతికి దొరికింది ఆ నీలం డబ్బానే. ఆట మొదలయ్యాక మళ్ళీ పూసుకోవచ్చులే అనుకుంది. ఇక పూస్తే అంటదని తెలియదు. పెద్దావిడ ఆ మాట చెప్పిన రోజు కెప్టెన్ల సమావేశానికి వెళ్ళింది కదా.

స్టెప్నీ చూపు ఎక్కడుందో వదిన గమనించింది. కుళాయి నీళ్ళు పారుతూనే ఉన్నాయి.

"పది నిమిషాలు మండితే చాలనుకున్నా" అంది నెమ్మదిగా. గొంతు మారలేదు. అదే భయం వేసింది. "కళ్ళు పోతాయని నాకేం తెలుసు?"

"ఎందుకు వదినా? ఎందుకు?"

"మొన్న ప్రాక్టీసులో గోడక్క మీదకి ఇరవై బంతులు వేశా. ఇరవయ్యీ ఆపింది. ఆపి దగ్గరకొచ్చి చెవిలో అంది, 'నీ భుజం అయిపోయింది, నీ బంతి దూదిలా తగులుతోంది. సెమీఫైనల్ దాకా ఊరుకుంటా. తర్వాత నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?' అని. పదిహేనేళ్ళ ఆట. దానికెంత పొగరో చూడు. ఎదురుగా నిలబడి ఆపేదానికి తప్ప ఇంకెవరికీ తెలియదు ఆ సంగతి. ఇవాళ అది తడబడి గోల్స్ వదిలితే ఇక దాని మాట ఎవరూ నమ్మరనుకున్నా."

ఆగింది. తల పక్కకి వంచి చూసింది.

"నువ్వూ ఎదురుగా నిలబడతావుగా. నీకూ తెలుసు కదూ?"

స్టెప్నీ చూపు తిప్పుకుంది. తెలుసు. నెల రోజులుగా తెలుసు. ఒకప్పుడు వదిన బంతి అరచేతికి తగిలితే మోచెయ్యి దాకా జివ్వుమనేది. ఇప్పుడు చిన్నపిల్ల విసిరినట్టు వస్తోంది. పైకి అనడానికి నోరు రాలేదు, అంతే.

"నాకేం తెలీదు" అంది.

వదిన చిన్నగా నవ్వింది. కొక్కానికున్న ఇంకో తెల్ల టవలు తీసింది. తడిగా ఉంది. కొసనుంచి చుక్కలు కారుతున్నాయి.

"ఏడ్చినట్టున్నావ్. ముఖం తుడుచుకో. ఈ ముఖంతో బయటికెళ్తే ఇంకా అనుమానపడతారు."

స్టెప్నీ వెనక్కి జరిగింది. వీపుకి గోడ చల్లగా తగిలింది. టవలు జానెడు దూరంలో ఉంది. నీళ్ళ వాసనో, మందు వాసనో తేల్చుకోలేకపోయింది. గదంతా ఒకటే వాసన.

"తీసుకోవే. నేనేమన్నా పరాయిదాన్నా?"

"ముందు... ముందు నువ్వు తుడుచుకో వదినా."

వదిన చెయ్యి కదల్లేదు. ముఖం దగ్గరకీ తీసుకెళ్ళలేదు, కిందకీ దించలేదు. టవలు చుక్కలు ఇద్దరి బూట్ల మధ్యా టప్, టప్ మని పడుతున్నాయి.

"పొద్దున పాప ఫోన్‌లో ఏమడిగింది నిన్ను?" అంది చివరికి.

'అత్తా, ఇవాళైనా నువ్వు ఆడతావా?' అని అడిగింది. వదిన కూతురు, నాలుగేళ్ళ పిల్ల. ఇంట్లో ఉన్న రోజులన్నీ స్టెప్నీ పొట్ట మీదే పడుకుని పెరిగింది.

"దానికి అమ్మ కావాలో వద్దో నువ్వే తేల్చు. నువ్వొక్క మాట మింగితే ఇల్లు నిలబడుతుంది. కక్కితే మీ అన్న ముఖం ఎలా చూస్తావో ఆలోచించుకో."

తలుపు అవతల డాక్టరమ్మ అరుపు వినిపించింది. "రెండో కన్ను కూడా మసకబారుతోంది! చెప్పండే, మీలో ఒక్కదానికైనా మనసు లేదా!"

స్టెప్నీ కళ్ళు గట్టిగా మూసుకుంది. చీకటి. ఒక్క క్షణం ఆ చీకటిలో ఉండి చూసింది. బతుకంతా ఇలాగే ఉండాల్సి వస్తే? గోడక్క బంతిని కళ్ళతో కాదు, చెవులతో పట్టుకోవాలి ఇక.

కళ్ళు తెరిచి, చాచిన టవలు కిందనుంచి వంగి తలుపు తోసుకుని బయటపడింది.

* * *

"నీలం డబ్బా!" అని అరిచింది. "డాక్టరమ్మా, హాలు తుడిచేవాళ్ళు బంక ఊడదీసే మందు! వాష్‌రూం మూలనే ఉంది. నీళ్ళు కలపకుండా పోశారు. ఆ డబ్బా తీసుకెళ్ళండి, మీద ఏముందో చదివి చెప్పండి!"

డాక్టరమ్మ ఇంకో మాట అడగలేదు. వాష్‌రూంలోకి దూరి, నీలం డబ్బా చంకన పెట్టుకుని, ఫోన్‌లో దాని మీది రాతలు చదువుతూ పరుగు తీసింది.

అబ్జర్వర్ మేడం నాలుగడుగులు ముందుకు వేసింది.

"నీకెలా తెలుసు?"

స్టెప్నీ పిడికిలి విప్పింది. ఎర్రబడిన రెండు వేళ్ళు చూసి పిట్ట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నిజంగా నువ్వేనా!"

"టవలు కొస పట్టుకుంది ఈ రెండు వేళ్ళతోనే. మందు తగిలిన చోట బంక అంటదు. చూడండి, మిగతా చెయ్యంతా అంటింది, వీటికి అంటలేదు." చెయ్యి మేడం ముందుకి చాపింది. "నేను కొస పట్టుకుంటేనే ఇలా ఉంది. ఆ మందు పోసి, టవలు పిండినవాళ్ళకి రెండు వేళ్ళు కాదు, చెయ్యంతా ఇలాగే ఉండాలి. ఆ చేత్తో బంతి పట్టుకుంటే జారిపోవాలి."

పిట్ట నోటి మీది చెయ్యి మెల్లగా దించింది. "నాలుగుసార్లు..." అని గొణిగి, తనే ఆగిపోయింది.

"సుత్తి వద్దు" అంది మేడం. "చేసిందెవరు?"

కోర్టులోంచి హారన్ మోగింది. ఎవరూ కదల్లేదు. వాష్‌రూం గుమ్మంలో వదిన నిలబడి ఉంది. ఎడమ చేతిలో టవలు ఇంకా చుక్కలు కారుతోంది. కుడి చెయ్యి వీపు వెనక దాచుకుంది. తల అడ్డంగా ఊపింది, కొంచెమే, ఇంట్లో పెద్దవాళ్ళ ముందు నోరు జారబోయే పిల్లని ఆపినట్టు.

స్టెప్నీకి పాప నిద్రలో పొట్ట మీద పెట్టే చిన్న చెయ్యి గుర్తొచ్చింది. అన్న గుర్తొచ్చాడు. మొదటి బూట్లు గుర్తొచ్చాయి. ఆంబులెన్సు కూత దూరమవుతూ వినిపించింది.

"అడుగుతున్నది నిన్నే. ఎవరు?"

"మా వదిన" అంది స్టెప్నీ.